వాన గరాటులో కందిరీగ గూడు

హిందూపురంలో వాన పడిందంటే పెనుకొండలో కూడా పడిందని కాదు. పెనుకొండలో పడిన వాన ధర్మవరం దాకా వస్తుందన్న భరోసా అంతకన్నా లేదు. ఎద్దుకి ఒక కొమ్ము తడిస్తే రెండో కొమ్ము ఆరి ఉండే వానలు ఈ సీమవి. అందుకే ఇక్కడ ఎవరి వాన వాళ్ళు కొలుచుకుంటేనే లెక్క తేలేది. ఆ మాట ఒంటబట్టిన కొందరు డాబాల మీద, తోటల్లో, పట్టుపురుగుల షెడ్ల పక్కన చిన్న చిన్న వాతావరణ కేంద్రాలు పెట్టుకుంటున్నారు. వాన, గాలి, ఎండ, తేమ... అన్నిటినీ కొలిచి లోపల గోడకి తగిలించిన తెర మీద చూపించే పరికరాలవి.

కొన్న మొదటి ఏడాది ముచ్చటగానే ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతే!

రాత్రంతా వాన కొట్టింది. తెల్లారి వాకిట్లో బకెట్టు నిండా నీళ్ళు. తెర మీద మాత్రం సున్నా. విప్పి చూస్తే గరాటు కన్నానికి అడ్డంగా కందిరీగ కట్టుకున్న మట్టి గూడు. ఇది తేలిగ్గా దొరికే దొంగ. సున్నా కనిపించింది కాబట్టి అనుమానం వచ్చింది. అదే గూడు సగమే కట్టి ఉంటే? 22 మిల్లీమీటర్ల వాన 17గా నమోదవుతుంది. ఎవరికీ అనుమానం రాదు. నోటు పుస్తకంలోకి 17 ఎక్కుతుంది. వాతావరణ పరికరాలతో వచ్చే అసలు తంటా ఇదే. చెడిపోయి ఆగిపోతే ఏ ఇబ్బందీ లేదు, బాగు చేయించుకుంటారు. అరిగిపోయి, దుమ్ము పట్టి, ఎండకి పెళుసై కూడా అంకెలు చూపిస్తూనే ఉంటే... ఆ అంకెలే ముంచుతాయి.

ఐదు మిల్లీమీటర్లకే ఇంత రాద్ధాంతమా?

అవును. కోనసీమలో అయితే అక్కర్లేదేమో. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే సగటు వాన 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. ఈ మూడు ఊళ్ళూ 2022 ఏప్రిల్ 4న పుట్టిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి గానీ జిల్లా పేరు మారినంత మాత్రాన మబ్బుల తీరు మారలేదు. ఎర్రనేలలో శెనక్కాయ విత్తాలంటే 20, 25 మిల్లీమీటర్ల మంచి పదును పడాలి. 17 పడిందా, 22 పడిందా అన్నదాన్ని బట్టి విత్తనం భూమిలోకి వెళ్ళాలా, మూటలోనే ఉండాలా అన్నది తేలుతుంది. విత్తనం ఖరీదేమిటో రైతుకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో లెక్క. ఒక మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకి ఒక లీటరు నీళ్ళు. ఎకరానికి 4,047 లీటర్లు. పది మిల్లీమీటర్ల వాన ఎకరం మీద పడితే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది తెచ్చి కుమ్మరించినట్టు. మీ పరికరం నూటికి పది తక్కువ చూపిస్తోందనుకోండి... ఏడాది తిరిగేసరికి ఎకరానికి 2 లక్షల లీటర్ల పైచిలుకు నీళ్ళు లెక్కలో మాయం.

వానని కొలవడం ఈనాటిదేం కాదు. ధాన్యాగారం ముందు మూరెడు వెడల్పు మూతి ఉన్న పాత్ర పెట్టి వానని కొలవాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. శిస్తు ఎంత రావచ్చో తెలియాలి కదా! ఇప్పుడు శిస్తు స్థానంలో బీమా వచ్చింది. పంట పోయిందా లేదా అని కాకుండా, వాన పడిందా లేదా అన్న లెక్క మీదే పరిహారం ఇచ్చే పద్ధతిని దేశంలో మొదట 2003లో మహబూబ్‌నగర్ జిల్లా వేరుశనగ, ఆముదం రైతుల దగ్గరే ప్రయోగించి చూశారు. 2007 నుంచి కేంద్రం కూడా ఆ దారి పట్టింది. అనంతపురం జిల్లా వేరుశనగకూ ఈ వాతావరణ బీమా ఏళ్ళ తరబడి నడిచింది. ఒక్క సంగతి మాత్రం ముందే తెలుసుకోవాలి. మీ డాబా మీది అంకె బీమా కంపెనీ దగ్గర చెల్లదు. ఆ ప్రాంతానికి ప్రకటించిన కేంద్రం లెక్కే లెక్క. మరి సొంత లెక్క ఎందుకంటారా? విత్తేది, మందు కొట్టేది, బోరు ఆపేది మీ పొలంలో కాబట్టి.

ఆ సంగతి ఈ జిల్లాకి ఇప్పటికే తెలుసు. 2003 నుంచి 2009 దాకా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో రైతులే భూగర్భజలాల లెక్క చూసుకునే పథకం ఒకటి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. వాటిలో అనంతపురం కూడా ఉంది. ఊళ్ళో వర్షమాపకం పెట్టి రోజూ చూసి రాసింది అధికారులు కాదు, ఆ ఊరి ఆడవాళ్ళూ మగవాళ్ళూనే. బోర్లలో నీటిమట్టం కొలిచేదీ వాళ్ళే. ఆ అంకెల్ని ఊరి గోడ మీద రాసి, ఉన్న నీటికి ఏ పంట సరిపోతుందో కూర్చుని లెక్కేసుకునేవారు. బడి మెట్లెక్కని వాళ్ళు కూడా మిల్లీమీటరంటే ఏమిటో చెప్పగలిగేవాళ్ళు. వాళ్ళ చేతిలో ఉన్నది గరాటు, సీసా, కొలగొట్టం... అంతే. అరగడానికి ఏమీ లేనివి.

సెలైన్ సెట్టుతో పరీక్ష

డబ్బు పెట్టి కొన్న పరికరంలో అలా కాదు. గరాటు కింద ఒక చిన్న తక్కెడ ఉంటుంది. రెండు వైపులా రెండు చిన్న దొప్పలు. ఒక దొప్ప నిండగానే అటు ఒరిగి నీళ్ళు పారబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ దానికి అంటించిన చిన్న అయస్కాంతం పక్కనున్న గాజు స్విచ్ ముందు నుంచి వెళ్తుంది. స్విచ్ ఒక్కసారి టక్కుమంటుంది. ఒక టక్కు అంటే 0.2 మిల్లీమీటర్లు. కొన్నిటిలో 0.25, ఇంకొన్నిటిలో 0.3. పరికరంతో వచ్చిన కాగితంలో రాసి ఉంటుంది, ఆ కాగితం పారేయకండి.

దీనికి వచ్చే జబ్బులు చెప్పాలంటే చాంతాడంత. వేసవిలో వేపపూత రాలి కన్నంలో కూరుకుంటుంది. చీమలు దొప్పలో కాపురం పెడతాయి. సాలీడు తక్కెడకీ గోడకీ మధ్య దారం లాగుతుంది. ఆ ఒక్క దారమే దొప్ప ఒరగకుండా పట్టి ఆపగలదు! పిట్టలు గరాటు అంచున కూర్చుని చేసే పని సరేసరి. ఇక గాలికి లేచే ఎర్రమట్టి దొప్ప అడుగున పొరలా పేరుకుంటుంది. బరువు మారుతుంది, లెక్క మారుతుంది.

శుభ్రం చేయడానికి నీళ్ళూ, మెత్తటి బ్రష్షూ చాలు. దొప్ప లోపలి భాగాన్ని వేలితో రుద్దొద్దు. చేతి జిడ్డు అంటితే నీటిచుక్క అంటుకుని నిలుస్తుంది. నూనె అసలే వద్దు. కిర్రుమంటోంది కదా అని ఇరుసుకి కొబ్బరినూనె వేస్తే ఆ నూనె దుమ్ముని పిలిచి కూర్చోబెడుతుంది.

శుభ్రం చేశాక సరిగ్గా కొలుస్తోందో లేదో చూడాలి. ఇంట్లోనే చూడొచ్చు. గరాటు మూతి వైశాల్యం తెలిస్తే చాలు. మూతి 16 సెంటీమీటర్లుంటే వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. దాన్ని పదితో భాగిస్తే 20. అంటే 20 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే ఒక మిల్లీమీటరు వానతో సమానం. మెడికల్ షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి కొనుక్కుంటే ఒక్కో సిరంజి ఒక్కో మిల్లీమీటరు. మీ గరాటు కొలత వేరైతే అంకె మారుతుంది, పద్ధతి అదే.

ఇప్పుడు 200 మిల్లీలీటర్లు, అంటే 10 మిల్లీమీటర్ల వాన పోయాలి. కానీ ఒక్కసారిగా కుమ్మరిస్తే తక్కెడ తట్టుకోలేదు. ఒక దొప్ప ఒరిగే లోపే పై నుంచి పడే నీళ్ళు లెక్కలోకి రాకుండా పోతాయి. సెలైన్ ఎక్కించే గొట్టం ఒకటి తెచ్చి, సీసాకి తగిలించి, చుక్క చుక్కగా అరగంటకి తక్కువ కాకుండా వదలండి. 0.2 పరికరమైతే 50 టక్కులు రావాలి. 49, 51 వస్తే వదిలేయొచ్చు. 45 వచ్చాయంటే నూటికి పది మింగేస్తోందన్నమాట. దొప్పల కింద రెండు చిన్న స్క్రూలుంటాయి. రెండిటినీ సమానంగా పైకి తిప్పితే దొప్ప తక్కువ నీటికే ఒరుగుతుంది, టక్కులు పెరుగుతాయి. కిందికి తిప్పితే తగ్గుతాయి. పావు చుట్టు తిప్పడం, మళ్ళీ నీళ్ళు వదలడం... ఓ ఆదివారం మధ్యాహ్నం దీనికే పోతుంది. పోనివ్వండి.

స్క్రూలు ఎంత తిప్పినా ఒకసారి 50, ఒకసారి 43 వస్తుంటే రోగం స్విచ్‌లో ఉంది. గాజు స్విచ్ లక్షల టక్కులు తట్టుకుంటుంది గానీ దాని తీగలకి చెమ్మ తగిలితే తుప్పు పడుతుంది. ఇది చాలా చవక వస్తువు. సెల్‌ఫోన్లు, టీవీలు బాగుచేసే కుర్రాడెవరైనా టంకం పెట్టి మార్చేయగలడు. కొత్త పరికరం కొనాల్సిన పని లేదు.

ఎంత సరిచేసినా కుండపోత వానలో ఈ తక్కెడ కొంత తక్కువే చూపిస్తుంది. అది దాని పుట్టుక లోపం. 2021 నవంబరు 19న చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర ప్రవాహంలో చిక్కుకున్న పది మందిని వాయుసేన హెలికాప్టర్ వచ్చి పైకి లాగిన రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి వానల లెక్క తక్కెడ మీద వదిలేయకూడదు. పక్కనే గరాటూ సీసా ఉన్న మామూలు వర్షమాపకం ఒకటి ఉండి తీరాలి. రెండూ చూసుకుంటే ఏది అబద్ధమాడుతోందో కూడా తెలుస్తుంది.

దాన్ని ఉదయం ఎనిమిదిన్నరకే చూడాలి. దేశమంతటా వాతావరణ శాఖ లెక్క మొదలయ్యేదీ ముగిసేదీ ఆ వేళకే. ఆదివారం సాయంత్రం పడ్డ వాన సోమవారం ఉదయం లెక్కలోకి వస్తుంది. గోడ మీది తెర మాత్రం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్కేస్తుంది. పేపర్లో వచ్చిన మండలం అంకెకీ, తెర మీది అంకెకీ పొంతన లేదని కంగారు పడేవాళ్ళలో చాలామందికి కారణం ఇదొక్కటే. ఇంకో మాట. మధ్యాహ్నం దాకా చూడకుండా వదిలేస్తే కొంత నీరు ఆవిరైపోతుంది. అసలే పడేది తక్కువ, అందులో ఆవిరికి వాటా ఒకటా!

పట్టుపురుగుకి తెలిసిన తేమ

ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కల ఎక్కువ ఇళ్ళలో ఉన్న వాతావరణ పరికరం వర్షమాపకం కాదు. పట్టుపురుగుల షెడ్డులో గోడకి వేలాడే జంట థర్మామీటరు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకి పేరు. పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. చాకీ దశలో పురుగులకి 27, 28 డిగ్రీల వేడి, 85 శాతం పైన తేమ కావాలి. నాలుగో జ్వరం దాటిన పెద్ద పురుగులకి 24 డిగ్రీలు, 70 శాతం లోపు తేమ చాలు. చిన్నప్పుడు తేమ తగ్గితే ఆకు వాడిపోయి పురుగు తినదు. పెద్దయ్యాక తేమ ఎక్కువైతే బూజు రోగం వచ్చి పురుగు సున్నం పూసినట్టు తెల్లగా గట్టిపడి చస్తుంది. నెల్లాళ్ళ కష్టం రెండు రోజుల్లో చాటలోకి ఎత్తి పారబోయాలి.

ఆ జంటలో ఒక థర్మామీటరు బల్బు పొడిగా ఉంటుంది. రెండోదానికి తడిగుడ్డ చుట్టి, గుడ్డ కొసని నీళ్ళ గిన్నెలో వదులుతారు. గాలి పొడిగా ఉంటే గుడ్డ లోంచి నీరు ఎక్కువ ఆవిరై ఆ బల్బు చల్లబడుతుంది. రెండిటి తేడాని బట్టి తేమ శాతం పట్టికలో చూసుకోవాలి. పొడిది 28, తడిది 22 అయితే తేమ సుమారు 60 శాతం. పొడిది 28, తడిది 25 అయితే 78 దగ్గర.

ఇక్కడే బోరు నీళ్ళు కొంప ముంచుతాయి. ఈ సీమ బోరు నీటిలో ఉప్పు ఎక్కువ. కుండ అడుగున పేరుకునే తెల్లటి పెచ్చే ఈ గుడ్డకీ పడుతుంది. గుడ్డ గట్టిపడి నీరు పీల్చదు. నీరు ఆవిరి కాకపోతే బల్బు చల్లబడదు. తడిది 22 చూపించాల్సింది 25 చూపిస్తుంది. షెడ్డులో ఉన్నది 60 శాతమే. పట్టిక మాత్రం 78 అంటుంది. తేమ సరిపోయిందనుకుని రైతు కిటికీ తెరుస్తాడు!

మందు? వారానికొకసారి గుడ్డ మార్చడం. అంతకన్నా చవకైన విడిభాగం ప్రపంచంలో లేదు. పాత ధోవతి ముక్క చాలు, పల్చటి నూలుది. కొత్త గుడ్డయితే గంజి పోయేదాకా ఉడకబెట్టి ఉతకాలి. గిన్నెలో బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ, శుభ్రంగా పట్టిన వాననీళ్ళు గానీ పోయాలి. వర్షమాపకంలో కొలిచాక పారబోసే నీళ్ళని సీసాలో దాచుకుంటే ఇక్కడ పనికొస్తాయి.

గుడ్డ గొడవ లేదని కొందరు అంకెలు చూపించే డిజిటల్ డబ్బా కొంటున్నారు. దాని లోపల తేమ పీల్చే పల్చటి పొర ఒకటుంటుంది. దుమ్ము, షెడ్డు కడిగే బ్లీచింగ్ ఘాటు, సున్నం పొడి దానికి పడవు. రెండు మూడేళ్ళకి లెక్క తప్పడం మొదలెడుతుంది. అది తప్పిందో లేదో తేల్చడానికి వంటింటి ఉప్పు చాలు. చిన్న మూతలో ఉప్పు పోసి, ఇసుక తడిసినంత మేరకే నీళ్ళు కలిపి, మూత గట్టిగా పట్టే డబ్బాలో ఆ పరికరంతో పాటు పెట్టండి. ఉప్పు పరికరానికి తగలకూడదు. ఓ పూటంతా కదపకుండా ఉంచితే డబ్బాలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ఇది ఉప్పు గుణం, హిందూపురమైనా హాంకాంగైనా ఒకటే. పరికరం 73 నుంచి 77 లోపు చూపిస్తే మంచిదే. 83 చూపిస్తే ఎనిమిది తీసేసుకుని చదవొచ్చు గానీ పై ఏడాది ఇంకెంత జరుగుతుందో చెప్పలేం. సెన్సరు మార్చడమే నయం.

ధర్మవరం నేతగాళ్ళకీ తేమతో పేచీ ఉంది. గుంట మగ్గాల్లో వానాకాలం నీరు ఊరితే పని ఆగుతుంది, పడుగు చెమ్మగిల్లితే నేత సాగదు. పట్టు చెమ్మని పీలుస్తుంది కూడా. అందుకే ప్రపంచమంతటా పట్టు వ్యాపారంలో పూర్తిగా ఆరిన పట్టు మీద 11 శాతం తేమని సహజమని లెక్క కడతారు. అంతకన్నా ఎక్కువ పీల్చిన నూలుని తూకానికి కొంటే నీళ్ళకి పట్టు ధర కట్టినట్టే. మగ్గం ఉన్న ఇంట్లో తేమ కొలిచే చిన్న డబ్బా ఒకటి ఉండటం షోకు కాదు.

రామగిరి గాలి, అన్నా మణి పట్టుదల

పెనుకొండ, ధర్మవరం మధ్య రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. నైరుతి రుతుపవనాల కాలంలో ఈ పక్క గాలి ఎలా వీస్తుందో అవి చెబుతాయి. గాలివేగాన్ని కొలిచేందుకు మూడు చిన్న గిన్నెలు గిర్రున తిరిగే పరికరాన్ని వాడతారు. 1846 నాటి ఐర్లండు వాడి ఆలోచన, అప్పట్లో గిన్నెలు నాలుగు. ఈ గిన్నెల కింద ఉండే బేరింగే ఇక్కడ అరిగేది. ఎర్రమట్టి సన్నటి పొడి అందులోకి దూరితే ఇసుక కాగితం పెట్టి రుద్దినట్టే. పిల్లగాలికి గిన్నెలు కదలవు, పెద్దగాలిని తక్కువ చేసి చూపిస్తాయి.

పది శాతం తక్కువ చూపిస్తే ఏమవుతుంది? ఇంట్లోవాళ్ళకి ఏమీ కాదు. గాలిమర పెట్టేవాడికి కొంప మునుగుతుంది. గాలిలో ఉన్న శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం నూటికి తొంభై అని చూపిస్తే శక్తి నూటికి 73గా తేలుతుంది. ఈ సంగతిని దేశంలో అందరికన్నా బాగా ఎరిగిన మనిషి అన్నా మణి. 1918లో కేరళలోని పీరుమేడులో పుట్టారు. 1948లో పుణె వాతావరణ కార్యాలయంలో చేరి, అప్పటిదాకా విదేశాల నుంచి తెప్పించే వాతావరణ పరికరాలు వందకి దగ్గర దగ్గరగా ఇక్కడే తయారయ్యేలా నమూనా పటాలు గీయించి స్థిరపరిచారు. తప్పు కొలత కన్నా కొలత లేకపోవడమే మేలన్నంత పట్టుదల ఆమెది. వాతావరణ శాఖలో పెద్ద పదవిలో రిటైరయ్యాక బెంగళూరులో గాలి, సూర్యరశ్మి కొలిచే పరికరాల తయారీకి చిన్న కర్మాగారం పెట్టారు. దేశంలో ఎక్కడ గాలిమరలు పెట్టొచ్చో చెప్పే కొలతల పనికి ముందు నడిచారు. 2001లో కన్నుమూశారు.

ఇంట్లో బేరింగు పరీక్షకి ఓ తేలిక ఉపాయం ఉంది. కొత్తగా కొన్న రోజే గాలి లేని గదిలో గిన్నెల్ని వేలితో గట్టిగా ఒక్క తిప్పు తిప్పి, ఎన్ని సెకన్లకి ఆగాయో పుస్తకంలో రాసుకోండి. రెండు మూడుసార్లు తిప్పి సగటు తీయండి. ఏడాదికొకసారి అదే పని చేయండి. ఆ సమయం సగానికి పడిపోతే బేరింగు పోయినట్టే. చాలా పరికరాల్లో గిన్నెలతో సహా ఆ భాగం ఒక్కటీ విడిగా దొరుకుతుంది. దొరకని వాటికి బేరింగు మీద చెక్కిన అంకె చూసి బేరింగుల షాపులో అడిగితే సరిపోయేది ఇస్తారు. దుమ్ము లోపలికి పోకుండా రెండు పక్కలా మూత ఉన్నదే అడగండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అన్నీ కలిపి ఒకే కర్రకి ఉండే పరికరం కొని డాబా మీద ఎత్తుగా నిలబెడతారు. గాలి గిన్నెలకి ఎత్తు మంచిదే. వాన గరాటుకి మాత్రం అంత గాలి పగ. జూన్, జులై గాలికి చినుకులు గరాటు మీదుగా ఎగిరిపోతాయి. వాతావరణ శాఖ వర్షమాపకం మూతి నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉండటానికి కారణం అదే. చుట్టూ ఉన్న గోడకీ చెట్టుకీ వాటి ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో ఉండాలి. వాన గరాటుని విడదీసి కింద పెట్టుకునే వీలున్న పరికరం కొంచెం ఖరీదైనా అదే కొనడం మంచిది. డబ్బు ఆదా చేసుకోవాలంటే గాలి గిన్నెలు వదిలేసుకోండి, వాన గరాటు వదిలేసుకోవద్దు.

థర్మామీటరుకైతే తెల్లటి గొడుగు కావాలి. వాతావరణ కేంద్రాల్లో కనిపించే తెల్ల చెక్కపెట్టెని రూపొందించింది లైట్‌హౌసులు కట్టే ఇంజినీరు థామస్ స్టీవెన్సన్. నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తండ్రి. ఇంటి పరికరాల్లో ఆ పెట్టె బదులు పళ్ళేలు పేర్చినట్టు ప్లాస్టిక్ గొడుగు ఉంటుంది. నాలుగైదు ఎండాకాలాలకి అది పసుపుపచ్చగా మారి పెళుసవుతుంది. తెలుపు పోతే ఎండని పీల్చుకుంటుంది, మధ్యాహ్నం ఉన్నదానికన్నా వేడి చూపిస్తుంది. అప్పుడు ఊరందరికన్నా మన వీధిలోనే ఎండ ఎక్కువని గొప్పగా చెప్పుకోవడం మొదలవుతుంది! సబ్బునీళ్ళతో ఏడాదికి రెండుసార్లు కడిగితే ఆయుష్షు పెరుగుతుంది. డాబా కాంక్రీటు మీద పెడితే మాత్రం ఎంత తెల్లగా ఉన్నా లాభం లేదు. మట్టినేల మీద నడుమెత్తుకి కాస్త పైన ఉండాలి.

వాయుపీడనం కొలిచే ముక్క చాలా ఏళ్ళు నిలుస్తుంది. హిందూపురం సముద్రమట్టానికి 620 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ అసలు పీడనం 1013 దగ్గర కాక 940 పైచిలుకు ఉంటుంది. ఎత్తు సరిగ్గా నమోదు చేస్తే తెర తనే సర్దుకుంటుంది. అదే పరికరాన్ని ధర్మవరం తీసుకెళ్తే ఊరు రెండు వందల మీటర్లకి పైగా కిందికి దిగింది కనుక ఎత్తు మళ్ళీ నమోదు చేయాలి.

బ్యాటరీలు ఎండలో ఉండే పెట్టెలో ఉంటాయి కాబట్టి చవక రకం కారి పాడు చేస్తుంది. ఆల్కలైన్ బ్యాటరీ కారి తెల్లటి పొడి కడితే దూదికి నిమ్మరసం అద్ది తుడిస్తే పోతుంది. సోలార్ పలక ఉన్నవాటికి పలక మీది దుమ్ము తుడవడమే పెద్ద సేవ. తీగల్ని ఎలుకలు కొరకకుండా పైపులోంచి లాగాలి. కోతులకి ఇంకా ఉపాయం కనిపెట్టలేదు.

ఈ పనులన్నీ ఎప్పుడు చేయాలి? మృగశిర కార్తె ప్రవేశించేలోపు, అంటే మే నెలాఖరుకే. వాన గరాటు పరీక్ష, గిన్నెల తిప్పు, గొడుగు కడగడం, బ్యాటరీలు... ఒక్క ఆదివారం. ఇంట్లో ముందే కొని ఉంచుకోవాల్సినవి గాజు స్విచ్ ఒకటి, బేరింగులు రెండు, బ్యాటరీల జత. పరికరం కొనేముందే దాని విడిభాగాలు విడిగా అమ్ముతారో లేదో అడిగి తెలుసుకోండి. అమ్మని పరికరం ఎంత చవకైనా మూడేళ్ళ వస్తువే.

మార్చిన ప్రతి భాగం పేరూ, తేదీ వాన అంకెలు రాసే పుస్తకంలోనే రాయాలి. లేకపోతే పదేళ్ళ తర్వాత ఆ పుస్తకం తిరగేసినవాళ్ళకి ఫలానా ఏడాది నుంచి వాన పెరిగిందని తోస్తుంది. పెరిగింది వాన కాదు, స్క్రూ. గరాటునో తక్కెడనో మొత్తంగా మార్చాల్సి వస్తే పాతదాన్ని వెంటనే పీకేయొద్దు. ఈ ప్రాంతంలో పెద్ద వానలు పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఆ రెండు నెలలూ పాతదీ కొత్తదీ నాలుగడుగుల దూరంలో పక్కపక్కన నిలబెట్టి, రెండు అంకెలూ రెండు గళ్ళలో రాసుకుంటూ పోతే పాత లెక్కల్ని ఎంత మేర సరిదిద్దుకోవాలో దీపావళి నాటికల్లా తేలిపోతుంది.